ఫ్లూతో ఐసీయూలో ఉన్న నాన్నకి ఊపిరితిత్తుల్లో ఫంగస్ అంటున్నారు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

వేపచెట్టు
నాన్నకి 61. పన్నెండేళ్ళుగా షుగర్. జ్వరం, దగ్గు వస్తే మా వీధి చివర ఆర్ఎంపీ మూడు రోజులు వరసగా ఇంజక్షన్ చేశాడు, ఆయాసం తగ్గుద్దని. ఐదో రోజు ఆక్సిజన్ 84కి పడిపోయింది. హాస్పిటల్‌కి తీసుకెళ్తే స్వైన్ ఫ్లూ అన్నారు, ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టేశారు. ఇవాళ నాలుగో రోజు. పొద్దున డాక్టరు బయటికొచ్చి "ఊపిరితిత్తుల్లో ఫంగస్ అనుమానం, గొట్టం వేసి నీళ్ళు తీసి టెస్టుకి పంపాం" అని చెప్పి వెళ్ళిపోయారు. నిమిషం కూడా నిలబడలేదు.
బాబాయిలేమో ఏసీలు కడగరు, వీళ్ళే అంటించారు, కేసు వేద్దాం అంటున్నారు. మా అత్త కోవిడప్పటి బ్లాక్ ఫంగసే ఇది, కన్ను తీసేస్తారు అని కారిడార్‌లో కూర్చుని ఒకటే ఏడుపు. నాకు అర్థం కానిది ఒక్కటే. ఫ్లూ అంటే వైరస్ కదా, మధ్యలో ఈ ఫంగస్ ఎక్కడిది?

మానేరు_పోరడు
ముందుగాల ఆ డాక్టర్‌ని మళ్ల పట్టుకొని పేరడుగు అక్కా. ఫంగస్ అంటే ఒక్కటి కాదు. ఆస్పర్జిల్లసా, మ్యూకరా (గదే బ్లాక్ ఫంగస్)? దానికి మందు వేరే, దీనికి వేరే.

అమ్మమ్మచిట్కా
పసుపు, వేపాకు వేసి ఆవిరి పట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. మా ఇంట్లో ఆరుగురికి ఫ్లూ వచ్చింది, ఒక్కరికీ ఫంగస్ రాలేదు.

మందులషాపు_మావయ్య
ఆ ఇంజక్షన్ ఏంటో కనుక్కోమ్మా. పేరు చూడకుండానే చెప్తాను, డెక్సా అయ్యుంటుంది, స్టెరాయిడ్.

ల్యాబ్‌బుడ్డి
మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాను. డాక్టర్ని కాదు, కానీ ఈ ఫంగస్‌లని డాక్టర్లకంటే ముందు చూసేది మేమే.

వేపచెట్టు గారూ, అది ఎక్కణ్ణుంచో రాలేదండీ. మీరూ నేనూ ఇప్పుడు పీలుస్తున్న గాల్లో ఉంది. పెంటకుప్ప, తడిసిన గోడ, పాత చాప, కుండీలో మట్టి, అన్నిట్లోనూ ఆస్పర్జిల్లస్ ఉంటుంది. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, రెండు మూడు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్), నేరుగా గాలితిత్తుల దాకా పోగలవు. రోజూ వందల్లో పీలుస్తాం. అయినా మనకేమీ కాదు. ఎందుకంటే శ్వాసనాళాల లోపలి పొర మీద సన్నటి నూగు లాంటిది ఉంటుంది, కళ్ళెతో పాటు వచ్చిన చెత్తనంతా పైకి ఊడ్చేస్తుంది. దాన్ని దాటి లోపలికి వెళ్ళిన స్పోరుని అక్కడ కాపలా ఉండే కణాలు, మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి. అవి వదిలేసినవి మొలకెత్తితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వచ్చి పీక నొక్కుతాయి.

ఫ్లూ వైరస్ ముందుగా తినేది ఆ లోపలి పొరనే. నూగు పోయి గొట్టం పచ్చిపుండు అవుతుంది. వైరస్‌తో కొట్లాడే హడావుడిలో మాక్రోఫేజ్‌లకి ఫంగస్‌ని చంపే పదును తగ్గిపోతుంది. అప్పుడు డెక్సా పడితే మిగిలినవాళ్ళు కూడా పడకేస్తారు. కంచె పడిపోయింది, కాపలావాడికి మత్తు ఎక్కింది, ఇంక చేను మేయడానికి గొడ్డు పక్క జిల్లా నుంచి రావాలా?

మానేరు_పోరడు
ల్యాబన్నా గిట్ల చేన్లు, గొడ్లు చెప్పుడు మొదలుపెడితే తెల్లారేదాకా ఆపడు. పోయినసారి డెంగీ గురించి అడిగితే చెరువు కట్ట తెగిన కథ చెప్పిండు.

ల్యాబ్‌బుడ్డి
@మానేరు_పోరడు అది నీకు ఇప్పటికీ గుర్తుందంటే కథ పనిచేసినట్టేగా.

వేపచెట్టు
ఫోన్ చేసి అడిగాను. డెక్సానే. రోజుకి ఒకటి చొప్పున మూడు. "అందరికీ అదే చేస్తానమ్మా" అన్నాడు. షుగర్ ఉందని తెలిసీ చేశాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియట్లేదు, వెళ్ళి చేయించుకున్నది నాన్నే కదా.

మందులషాపు_మావయ్య
ఆ వయల్ టీ ఖరీదు కూడా చెయ్యదు, వెయ్యగానే మనిషి లేచి కూర్చుంటాడు, జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది. అందుకే ఊళ్ళల్లో అంత గిరాకీ. 2021 మే నెలలో నా షాపు ముందు వాట్సాప్‌లో వచ్చిన చీటీ ఫోన్లో పట్టుకుని క్యూ కట్టారు. జ్వరం మొదలైన రెండో రోజుకే మెడ్రాల్ 16, అదీ స్టెరాయిడే. నేనూ ఇచ్చాను. ఇవ్వకపోతే పక్క షాపుకి పోతారు. ఇప్పుడు తలుచుకుంటే అన్నం సహించదు, అంతే.

శుక్రాచార్యుడు
పేరు చూసి పురాణం అనుకోకండి. ఆయనకి వామనుడు దర్భతో పొడిచాడు, నాకు మ్యూకర్ పొడిచింది. ఎడమ కన్ను లేదు.

వేపచెట్టు అమ్మా, మీ అత్తగారికి ఇది చదివి వినిపించు. నాకొచ్చింది ముక్కు, సైనస్‌ల్లోంచి కంటికి పాకే రకం. మీ నాన్నగారిది ఊపిరితిత్తుల్లో. ఆ డాక్టరు కన్ను మాటే ఎత్తలేదు కదా, మీరు కూడా ఎత్తకండి.

నా కథ క్లుప్తంగా. రెండో వేవ్. ఆక్సిజన్ 96 ఉండగానే స్టెరాయిడ్ మొదలుపెట్టించుకున్నా, తెలిసిన డాక్టరే ఫోన్లో చెప్పాడు. షుగర్ ఎవరూ చూడలేదు, నేను అడగలేదు. చూసేసరికి 430. కోవిడ్ నెగెటివ్ వచ్చిన తొమ్మిదో రోజు ఎడమ చెంప మొద్దుబారింది. గడ్డం గీసుకుంటుంటే బ్లేడు తగలడం తెలియలేదు. మర్నాడు పై పన్ను కదిలింది. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయా. ఆయన నోరు తెరిపించి లైటు వేసి చూసి, ఏమీ ముట్టుకోకుండా లైటు ఆర్పేసి "ఇవాళే ఈఎన్‌టీకి వెళ్ళండి, రేపు కాదు" అన్నాడు. అంగిలి మీద బొగ్గు రాసినట్టు నల్లటి మచ్చ. ఆయన పుణ్యమా అని కుడి కన్ను, ప్రాణం మిగిలాయి.

ఉల్లిపాయ_బాధితుడు
అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.
నా హ్యాండిల్ కథ కూడా అప్పటిదే. ఉల్లిపాయ మీద నల్లపొడి బ్లాక్ ఫంగస్ అని ఎవడో ఫార్వర్డ్ పంపితే మా ఆవిడ బస్తా ఉల్లిపాయలు పారబోయించి, ఫ్రిజ్ రబ్బరు మీద నలుపు చూసి ఫ్రిజ్ కూడా వరండాలో పెట్టించింది. నెలన్నర ఉల్లి లేని పప్పు.

ల్యాబ్‌బుడ్డి
@ఉల్లిపాయ_బాధితుడు ఉల్లి మీద నలుపు ఆస్పర్జిల్లస్ నైగర్, మ్యూకర్ కాదు. అసలు మ్యూకర్ నల్లగా ఉండదు, ప్లేటులో పెంచితే తెల్లగా, బూడిదరంగులో దూది పింజలా మూత దాకా లేస్తుంది. నలుపు మన కండది. ఆ ఫంగస్ రక్తనాళంలోకి చొరబడి లోపల గడ్డ కట్టిస్తుంది, రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది. పేరు దానికి పెట్టారు, రంగు మనది.

మానేరు_పోరడు
తర్వాత వైట్ ఫంగస్, ఎల్లో ఫంగస్ అని టీవీలల్ల రోజుకో కలర్. నెయిల్ పాలిష్ దుకాణం లెక్క. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా సారే చెప్పిండు, రంగుల పేర్లు పెట్టి పరేషాన్ చేయొద్దని.

అమ్మమ్మచిట్కా
అందరూ స్టెరాయిడ్ స్టెరాయిడ్ అంటున్నారు. అమెరికా, ఇంగ్లండ్‌లో కూడా అదే ఇచ్చారుగా. అక్కడ ఇన్ని కళ్ళు పోలేదే? హాస్పిటళ్ళలో పరిశ్రమల ఆక్సిజన్ వాడారు, కుళాయి నీళ్ళు పోశారు, అది ఎవరూ మాట్లాడరు.

కోఠీ_పీజీ
@అమ్మమ్మచిట్కా మొదటి ప్రశ్న మాత్రం మంచిది.

2021 మేలో నేను హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిలో ఉన్నాను. దాన్ని బ్లాక్ ఫంగస్‌కి నోడల్ ఆస్పత్రి చేశారు. కోవిడ్ ఇంకా పాజిటివ్‌గా ఉన్నవాళ్ళు గాంధీకి, నెగెటివ్ అయినవాళ్ళు మా దగ్గరికి, కంటి సర్జన్లు సరోజినీదేవి నుంచి. మే 20 చుట్టుపక్కల తెలంగాణ దీన్ని నోటిఫై చేసింది, ప్రతి కేసూ సర్కారుకి చెప్పాల్సిందే. జులై మధ్యకి దేశం మొత్తం 45 వేల కేసులు దాటాయి, 4,300 మందికి పైగా పోయారు.

ఆక్సిజన్ నీళ్ళ వాదన అప్పుడు మేమూ బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచించాం. కానీ ఒక్కరోజు కూడా ఆక్సిజన్ పెట్టుకోని, ఇంట్లోనే ఉన్న పేషెంట్లు మా వార్డులో బోలెడు మంది. ఈ శుక్రాచార్యుడు గారి లాగే. వాళ్ళకి ఏ సిలిండర్ అంటించింది? వాళ్ళలో ఎక్కువమందికి కలిసేవి రెండే. షుగరు, స్టెరాయిడు. ప్రపంచవ్యాప్తంగా అచ్చయిన 101 కేసులు ఏరి చూస్తే 82 మనదేశానివే, నూటికి 80 మందికి షుగర్, 76 మంది స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళు. అమెరికాలో, యూరప్‌లో ఐసీయూల్లో కోవిడ్ తర్వాత ఎక్కువగా కనబడిన ఫంగస్ ఆస్పర్జిల్లస్. మనకి కోవిడ్‌కి ముందు నుంచే మ్యూకర్ ఎక్కువ. దానికి తోడు పది కోట్ల మంది షుగర్ పేషెంట్లం.

అమ్మమ్మచిట్కా
షుగర్ లేనివాళ్ళకి కూడా వచ్చింది. మా ఎదురింటాయనకి వచ్చింది.

కోఠీ_పీజీ
వచ్చింది, కాదనను. 2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 16 ఆస్పత్రుల లెక్క ఒకటి ఉంది. 187 మంది కోవిడ్ మ్యూకర్ పేషెంట్లలో మూడోవంతు మందికి కోవిడ్ తప్ప వేరే జబ్బు లేదు. వైరస్ కూడా తన వంతు చేస్తోందన్నమాట. కానీ వాళ్ళలో చాలామందికి అవసరం లేకుండానో, డోసు మించో స్టెరాయిడ్ పడిందని కూడా అదే లెక్క చెప్తోంది. 2020లో కోవిడ్ మందుల మీద బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ చెప్పింది రోజుకి 6 మి.గ్రా. డెక్సామెథసోన్, గరిష్ఠంగా పది రోజులు. అదీ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే. అవసరం లేనివాళ్ళకి లాభం కనబడలేదు. మనవాళ్ళు మొదటి ముక్క విని, రెండోది వినకుండా ఫోన్ పెట్టేశారు.

శుక్రాచార్యుడు
ఫోన్ పెట్టేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి సార్.

వేపచెట్టు
షుగర్‌కీ ఫంగస్‌కీ సంబంధం ఏంటి? తీపి తింటుందా అది?

ల్యాబ్‌బుడ్డి
తీపి కంటే ఇనుము ముఖ్యం దానికి. మ్యూకర్ సంగతి చెప్తున్నా. మన రక్తంలో ఇనుము వదులుగా తిరగదు, ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. షుగర్ అదుపు తప్పి కీటోన్లు పెరిగితే రక్తం పుల్లబడుతుంది, ట్రాన్స్‌ఫెర్రిన్ పట్టు సడలుతుంది. ఇనుము బయటపడుతుంది. మ్యూకర్‌కి పండగ. పైగా షుగర్, ఇనుము ఎక్కువైతే రక్తనాళాల గోడ మీద జీఆర్‌పీ78 అనే ప్రోటీన్ ఎక్కువగా తేలుతుంది. మ్యూకర్ ఒంటి మీద దానికి సరిగ్గా అతుక్కునే ఇంకో ప్రోటీన్ ఉంది. అలా అతుక్కునే లోపలికి దూరుతుంది. న్యూట్రోఫిల్స్ కూడా అధిక షుగర్‌లో బద్ధకిస్తాయి. ఈసారి గొడ్లు లేకుండా చెప్పాను, గమనించగలరు.

గోదారోడు_హాలండ్‌లో
ఇక్కడ నెదర్లాండ్స్‌లో ఐసీయూలో పనిచేస్తున్నానండీ. వేపచెట్టు గారి కేసు వింటే నాకు బాగా తెలిసిన దారే. ఇక్కడా బెల్జియంలోనూ ఏడు ఐసీయూల్లో 2009 నుంచి 2016 దాకా ఫ్లూతో చేరిన 432 మందిని చూశారు. 83 మందికి ఆస్పర్జిల్లస్. అంటే నూటికి 19. ఫ్లూ కాని న్యుమోనియాలో 5 మాత్రమే. ముందే రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళని పక్కన పెట్టినా ఫ్లూలో 14. ఐసీయూలో చేరకముందు స్టెరాయిడ్ పడి ఉంటే రిస్కు ఇంకా ఎక్కువ. మీ బాబాయిల కేసు సంగతికి పనికొచ్చే ముక్క ఇంకోటి: ఐసీయూలో చేరాక మధ్యస్థంగా మూడో రోజుకే బయటపడింది. కోవిడ్‌లో అయితే ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఫ్లూలో ఇంత తొందరగా వచ్చిందంటే చాలామంది స్పోరుని వెంటబెట్టుకునే వచ్చారని మా అనుమానం. 90 రోజుల లెక్కలో మరణాలు ఫంగస్ ఉన్నవాళ్ళలో 51 శాతం, లేనివాళ్ళలో 28.

మందులషాపు_మావయ్య
ఏవయ్యా, ఆ అమ్మాయి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని చదువుతోంది. ఆ ఆఖరి లైను ఇప్పుడు అవసరమా?

గోదారోడు_హాలండ్‌లో
తప్పయిపోయిందండీ బాబూ. రోజూ లెక్కలతో బతికి నోరు అలవాటు పడిపోయింది. వేపచెట్టు గారూ, మీకు చెప్పాల్సింది ముందు చెప్పలేదు: మీ డాక్టరు నాలుగో రోజుకే అనుమానించి గొట్టం వేసి శాంపిల్ తీశాడు. మాట మంచిది కాకపోవచ్చు, పని మంచిది. చాలాచోట్ల ఎవరికీ తట్టక పదో రోజు దాకా పోతుంది.

వేపచెట్టు
పర్లేదు సార్. అంకెలు తెలిస్తేనే నయం. ఊరికే "చూద్దాం" అంటే ఇంకా భయమేస్తోంది.

మానేరు_పోరడు
ఏసీల సంగతి మాత్రం పూర్తిగ కొట్టేయకుండ్రి. మా బావ పనిచేసే దగ్గర ఐసీయూ పక్కన గోడ పగలగొట్టి కొత్త వార్డు కడుతున్నరు, దుమ్ము అంతా లోపలికే. గట్ల కూడా వస్తది కదా?

ల్యాబ్‌బుడ్డి
వస్తుంది. కట్టుబడి పనుల దుమ్ముతో ఆస్పత్రుల్లో ఆస్పర్జిల్లస్ గుంపుగా రావడం పాత సంగతే. అక్కడ పని జరుగుతోందేమో అడగడంలో తప్పు లేదు. కానీ గాల్లో స్పోరు కనబడినంత మాత్రాన అదే నాన్నగారి ఛాతీలోకి వెళ్ళిందని ఎవరూ తేల్చలేరు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. ఆ తీసిన నీళ్ళలో గెలాక్టోమన్నన్ టెస్టు (ఆస్పర్జిల్లస్ ఒంటి గోడలోంచి ఊడే పదార్థాన్ని పట్టేది) చేశారా అడగండి. రక్తంలో నెగెటివ్ వచ్చినా ఆ నీళ్ళలో పాజిటివ్ రావచ్చు, కాబట్టి రక్తం రిపోర్టు ఒక్కటే చూసి సంబరపడొద్దు. మ్యూకర్ అయితే ఈ టెస్టులో దొరకదు. మైక్రోస్కోపు కింద తేడా మాకు గంటలో తెలుస్తుంది. మ్యూకర్ అయితే తడిసిన రిబ్బను లాగా వెడల్పుగా, అడ్డుగోడల్లేకుండా, మడతలు పడి, కొమ్మలు అడ్డంగా చీలుతూ. ఆస్పర్జిల్లస్ సన్నగా, వెదురుకి కణుపులున్నట్టు, పంగలకర్రలా చీలుతుంది. ఆస్పర్జిల్లస్‌కి వాడే వోరికొనజోల్ మ్యూకర్ మీద పనిచెయ్యదు. దానికి ఆంఫోటెరిసిన్ కావాలి.

ఒక వృత్తి రహస్యం. 2021లో మ్యూకర్ ముక్కలు వచ్చినప్పుడు మామూలుగా నూరినట్టు నూరితే ఆ పోగులు చితికి చచ్చి కల్చర్‌లో ఏమీ పెరిగేది కాదు. బ్లేడుతో సన్నగా తరగాలి, అంతే. మా సీనియర్ మేడమ్ రోకలి దాచేశారు.

ఉల్లిపాయ_బాధితుడు
తరగాలి, నూరకూడదు. వంట ప్రోగ్రామా ఇది 😅

కోఠీ_పీజీ
ఆంఫోటెరిసిన్ మాటొచ్చింది కాబట్టి. లైపోసోమల్ రకం, అంటే మందుని కొవ్వు బుడగల్లో పెట్టినది, కిలోకి 5 మి.గ్రా. అరవై కిలోల మనిషికి రోజుకి 50 మి.గ్రా.వి ఆరు వయల్స్, వారాల తరబడి. వార్డు నిండా అదే లెక్క. ఒక్కసారిగా దేశమంతా అడిగితే ఎక్కడ్నుంచి వస్తుంది? ఉన్న కంపెనీలు చాలక మేలో ఇంకో ఐదింటికి లైసెన్సులిచ్చారు, అందులో మన హైదరాబాద్ నాట్కో ఒకటి. అది అందేలోపు పాత రకం ఇచ్చాం. అది ఎక్కిస్తే చలి, వణుకు, మంచం చప్పుడు పక్క వార్డుకి వినిపించేది. పొటాషియం పడిపోయేది, కిడ్నీ రిపోర్టు రోజూ చూడాల్సిందే.

శుక్రాచార్యుడు
ఆ వణుకు నాకు తెలుసు. రెండు దుప్పట్లు, మా ఆవిడ కాళ్ళ మీద కూర్చునేది.

ఇంకో తమాషా. ఆ మందుని సెలైన్‌లో కలపరు, డెక్స్‌ట్రోజ్‌లోనే. షుగర్ 400 ఉన్న మనిషికి గ్లూకోజ్ పెడుతున్నారేంటని నర్సమ్మతో పెద్ద గొడవ పెట్టుకున్నా. ఆమె ఓపిగ్గా, "సెలైన్‌లో వేస్తే పెరుగు విరిగినట్టు విరిగిపోద్ది సార్, దీనికి తగ్గ ఇన్సులిన్ ఇస్తున్నాం" అంది. తర్వాత క్షమాపణ చెప్పా.

పై దవడ ఎడమ సగం తీసేశారు. అంగిలికి కన్నం. మొదటిసారి కాఫీ తాగితే సగం ముక్కులోంచి వచ్చింది. ఇప్పుడు అబ్ట్యురేటర్ అని పళ్ళసెట్టు లాంటి మూత ఉంది, పెట్టుకుంటే మాట స్పష్టంగా వస్తుంది. తీసేస్తే నా మాట మా మనవడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. వాడికి అదే ఇష్టం, తీసి మాట్లాడమంటాడు.

అమ్మమ్మచిట్కా
శుక్రాచార్యుడు గారూ, మీరు చెప్పినవన్నీ చదివాను. ఆవిరి సంగతి ఇక ఎత్తను. కానీ వేపచెట్టుకి ఒకటి. ఐసీయూ బయట కూర్చుని తిండి మానెయ్యకు తల్లీ.

మోడరేటర్
డోసుల గురించి ప్రైవేటు మెసేజ్‌లు అడుగుతున్నవాళ్ళకి: అడగొద్దు. ఆర్ఎంపీ ఊరు, పేరు అడిగిన రెండు పోస్టులు తీసేశాను.

వేపచెట్టు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా. ఆ నీళ్ళలో గెలాక్టోమన్నన్ పాజిటివ్, రక్తంలో నెగెటివ్. ల్యాబ్‌బుడ్డి గారు చెప్పినట్టే. ఆస్పర్జిల్లస్. వోరికొనజోల్ ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. షుగర్ గంటగంటకీ చూస్తున్నారు, ఇన్సులిన్ పంపు మీద ఉంచారు. ఐసీయూ పక్కన పనులేమీ జరగట్లేదని బాబాయిలు మెట్లన్నీ తిరిగి చూసొచ్చారు, కేసు మాట మానేశారు. ఆ డాక్టరుగారు నిన్న పది నిమిషాలు నిలబడి మాట్లాడారు. మనిషి మంచివారే, నిద్ర లేదంతే.

నాన్నకి గొంతు దగ్గర గొట్టం వేశారు, పగలు వెంటిలేటర్ తీసి ఉంచుతున్నారు. మాట రాదు, పలక ఇచ్చాం. పొద్దున మొదటిసారి రాశారు: "ట్యూబులైటు పచ్చగా ఎందుకుంది? ఎవడు మార్చాడు?"
లైటు మామూలుగానే ఉంది. భయమేసి అడుగుతున్నా, ఫంగస్ తలకి ఎక్కిందా?

ల్యాబ్‌బుడ్డి
వోరికొనజోల్ పని అయ్యుండొచ్చు. చాలామందికి రంగులు మారి కనబడతాయి, వెలుగు మిరుమిట్లు గొలుపుతుంది. సాధారణంగా తగ్గిపోతుంది. అయినా ఊరుకోవద్దు, ఇవాళే డాక్టరుకి చెప్పండి. లేనివి కనబడుతున్నాయంటే రక్తంలో మందు మోతాదు పెరిగిందేమో చూస్తారు. తర్వాతి డోసు వెయ్యబోయే ముందు రక్తం తీస్తారు.

గోదారోడు_హాలండ్‌లో
అవునండీ. లివర్ టెస్టు కూడా చేయించమని చెప్పండి. ఈసారి శాతాలు చెప్పను.

వేపచెట్టు
చెప్పాను. అదే అన్నారు, లెవెల్‌కి రక్తం తీశారు, రిపోర్టు రేపు. ఇది మందు వల్లే అయ్యుంటుందని పలక మీద రాసి చూపిస్తే నాన్న చాలాసేపు చూసి కింద రాశారు: "మరి కిటికీలో నెమలి?"
నెమలి లేదు నాన్నా అన్నాను. పలక తుడిచి మళ్ళీ రాశారు: "నువ్వు రాకముందే ఎగిరిపోయింది."